పద్నాలుగు పేర్లు, పదిహేను తలలు

హైదరాబాద్
24 ఫిబ్రవరి 2025

చిన్నమ్మా,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని ఆశ్చర్యపోతావు. ఫోన్ చేయడానికి లేదు. నీ చేతిలో ఉన్నది మీ యజమాని వెంకటప్పయ్య గారి తోట ఫోను, నా చేతిలో ఉన్నది కంపెనీ ఫోను. మాకు సరుకు పంపే వాళ్ల దగ్గర మా బంధువులెవరైనా పనిచేస్తుంటే ముందే రాసివ్వాలని ఆఫీసులో నియమం. నేను రాసివ్వలేదు. ఈ నెల ఆరో తేదీన మా బృందం మీ మిర్చి తోట చూడటానికి వచ్చినప్పుడు నువ్వు నన్ను "మేడమ్" అన్నావు. నేను నీ పేరు తెలియనట్టు "మీ పేరేమిటమ్మా?" అని అడిగాను. అమ్మ పోయాక మణుగూరు బొగ్గుగని క్వార్టర్స్‌లో నన్ను పెంచిన మనిషిని ఆ మాట అడిగాను.

సరే, పని సంగతి. మా స్టోర్లలో అమ్మే ప్రతి సరుకు వెనకా ఉన్న తోటకు మేము మార్కులు వేస్తామని నీకు తెలుసు. బోరు నీళ్లు ఎంత తోడుతున్నారు, మందు ఎన్నిసార్లు కొడుతున్నారు, అడవి హద్దు జరిపారా, కూలీలకు మాస్కులు, గ్లవ్స్ ఇస్తున్నారా. మంచి మార్కులొస్తే ఆకుపచ్చ, తగ్గితే పసుపు. ఎరుపు వస్తే ఆ సరుకు ఇక మేము తీసుకోం. ఈ పనిని నేను నమ్మి చేస్తున్నాను. మీ తోటలో డ్రిప్పు పైపులు పడింది ఈ మార్కుల కోసమే కదా.

మేము వచ్చి వెళ్లాక, పదో తేదీ నుంచి, మేస్త్రీగా నువ్వు రోజూ ఉదయం తొమ్మిదింటికి కూలీలందరినీ కల్లంలో నిలబెట్టి ఒక ఫోటో తీసి పంపుతున్నావు. ఇక్కడ ఒక సాఫ్ట్‌వేర్ అందులో తలలు లెక్కపెడుతుంది. మీ రిజిస్టర్‌లో పద్నాలుగు పేర్లున్నాయి. అది మాత్రం మొదటి రోజు నుంచీ పదిహేను అంటోంది. ఇంకో మనిషిని పెట్టుకుంటే పేరు ఎక్కించండి. చిన్న విషయమే. పై వాళ్లు అడగకముందే సరిచేస్తే మంచిదని రాస్తున్నాను.

చిన్నాయన దగ్గు తగ్గిందా?

నీ
హర్షిత


పినపాక
3 మార్చి 2025

బిడ్డా హర్షితా,

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ రెండుసార్లు నా పేరు చదివించుకుని మరీ ఇచ్చాడు. ఈ వీధిలో ఉత్తరం వచ్చి ఎన్నేళ్లయిందో అన్నాడు.

మేడమ్ అన్నందుకు బాధపడకు. నీ ఉద్యోగం నిలవాలంటే నిన్ను ఇంకేమైనా అంటాను. ఆ రోజు నువ్వు తెల్ల టోపీ పెట్టుకుని, చేతిలో అట్ట పట్టుకుని, బోరు దగ్గర ప్రశ్నలు అడుగుతుంటే నా అక్క బతికి ఉంటే బాగుండేదనుకున్నాను.

మీ కంపెనీ రావడం వల్ల మేలు జరగలేదని నేను అనను. డ్రిప్పు వచ్చింది. ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టారు. చేతులు కడుక్కోవడానికి సబ్బు పెట్టారు. అంతకుముందు మందు కలిపిన చేతులతోనే అన్నం ముద్ద కలుపుకునేవాళ్లం.

తలల లెక్క అంటావా, కల్లం పక్కన ఒక దిష్టిబొమ్మ ఉంది. పాత చొక్కా తొడిగి, కుండకు సున్నం బొట్లు పెట్టి నిలబెట్టారు. మీ మెషీను దాన్ని మనిషి అనుకుని ఉంటుంది. ట్రాక్టర్ నడిపే లచ్చిరాంతో చెప్పి నిన్ననే తీయించేశాను. కూలీలు పద్నాలుగు మందే. ఇంకెవరూ లేరు.

చిన్నాయన దగ్గు అట్లాగే ఉంది. బొగ్గు దుమ్ము కదా, అంత తొందరగా పోదు. నువ్వు వేళకు తిను.

నీ
చిన్నమ్మ శోభారాణి


హైదరాబాద్
10 మార్చి 2025

చిన్నమ్మా,

దిష్టిబొమ్మ తీయించావు. మూడో తేదీ నుంచి ఫోటోల్లో అది లేదు. లెక్క మాత్రం పదిహేనే.

ఇంతవరకూ నేను అంకెలే చూస్తూ వచ్చాను. మొన్న ఫోటోలు తెరిచాను. సాఫ్ట్‌వేర్ ప్రతి తల చుట్టూ ఒక ఆకుపచ్చ గడి గీస్తుంది. మాస్కు ఉంటే గడి కింద ఒక టిక్కు, లేకపోతే ఎర్ర గీత. ఆరబెట్టిన మిర్చి ముందు మీరంతా వరసగా నిలబడ్డారు. ఆ రోజు చూసిన పెద్దావిడ గురవమ్మత్తను గుర్తుపట్టాను, చివర్న ఉంది. పద్నాలుగు తలలకు పద్నాలుగు గడులు, పద్నాలుగు టిక్కులు.

పదిహేనో గడి గురవమ్మత్త పక్కన గాలిలో ఉంది. అందులో ఎవరూ లేరు. వెనక కంచె, దాని వెనక అడవి కనిపిస్తున్నాయి. గడి మనిషి తల ఎత్తులోనే ఉంది. దాని కింద ఎర్ర గీత. మాస్కు లేదని.

సాఫ్ట్‌వేర్ తప్పే అయ్యుంటుందని సాంకేతిక విభాగానికి పంపాను. వాళ్లు మీ ఫోటోలు ఇరవై తీసి మళ్లీ పరీక్షించారు. వేరే తోటల ఫోటోల్లో తప్పు రావడం లేదు. మీ ఫోటోల్లోనే వస్తోంది. ఎందుకో వాళ్లకూ అంతుపట్టలేదు.

ఇంకో సంగతి. ఫోటోలన్నీ వరసగా పెట్టి చూశాను. మొదటి వారం ఆ గడి గురవమ్మత్తకు అవతల ఉంది. తర్వాత వారం ఆమెకూ పక్కామెకూ మధ్యకు వచ్చింది. వాళ్లిద్దరూ ఎడంగా జరిగి, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడ్డారు. మిగతా అందరూ భుజాలు తగిలేలా దగ్గరగా ఉన్నారు. అట్లా నిలబడమని నువ్వు చెప్పావా?

రోజూ ఒక మాస్కు తక్కువ పడుతోందని మీ మార్కులు తగ్గుతున్నాయి. ఈ నెలాఖరుకు పసుపు అవుతుంది. నిజం చెప్పు చిన్నమ్మా, ఏం జరుగుతోంది?

హర్షిత


పినపాక
19 మార్చి 2025

హర్షితా,

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. నీ ఉత్తరం చదివాక మర్నాడు ఫోటో తీసేటప్పుడు చూశాను. నిజమే, ఆ చోటు వదిలే నిలబడుతున్నారు. నేనే రోజూ ఫోటో తీస్తూ చూడలేదు. చూడలేదో, చూడదలచుకోలేదో.

"గురవమ్మత్తా, కొంచెం పక్కకు జరుగు" అన్నాను.

"ఏడికి జరగాలె?" అన్నది. "జాగ లేదు."

ఆమె పక్కన బారెడు చోటు ఉంది. మిగతా ఆడవాళ్లెవరూ తల ఎత్తలేదు. ఫోటో తీసి పంపాను.

మీ ఆఫీసు నుంచి హెచ్చరిక వచ్చిందని వెంకటప్పయ్య గారు మొన్న కల్లానికి వచ్చాడు. ఆయన కోపం వచ్చినా గొంతు పెంచడు, నీకు తెలుసుగా.

"ఇదేంటమ్మా శోభారాణీ, అందరూ కట్టుకునే ఉన్నారు, ఒకళ్లు కట్టుకోలేదంటారేంటి? ఎవరమ్మా ఆ ఒక్కళ్లు?" అన్నాడు.

గురవమ్మ లేచి, పెట్టెలోంచి కొత్త మాస్కు ఒకటి, గ్లవ్స్ జత ఒకటి తీసింది. తాను రోజూ కూర్చునే పీట తెచ్చి తన పక్కన ఆ చోటులో వేసి, వాటిని దాని మీద పెట్టింది. "ఇప్పుడు తియ్యి" అన్నది నాతో.

తీశాను. ఆ రోజు మీ దగ్గర నుంచి వచ్చిన జవాబు నువ్వు చూసే ఉంటావు. పదిహేను తలలు, పదిహేను మాస్కులు. అన్నీ టిక్కులు. వెంకటప్పయ్య గారికి సంతోషమైంది. "అంతేనా! రోజూ అలాగే పెట్టండమ్మా" అని వెళ్లిపోయాడు. ఆయనకు అదొక మెషీను చిక్కు, విడిపోయింది, అంతే.

రోజూ పని అయ్యాక పీట తీస్తుంటే గ్లవ్స్ లోపల తడిగా ఉంటున్నాయి, చెమట పట్టినట్టు. నేనే ఉతికి ఆరేస్తున్నాను.

మార్కులు సరిపోయాయి కదా బిడ్డా, ఇక దీన్ని వదిలెయ్యి. ఈ పద్నాలుగు మందికీ వేరే పని లేదు. తొడిమలు తీయడం ఇంకో నెల ఉంటుంది, ఆ తర్వాత ఈ ఫోటోలు ఎట్లాగూ ఆగిపోతాయి.

చిన్నమ్మ


హైదరాబాద్
27 మార్చి 2025

చిన్నమ్మా,

మార్కులు సరిపోయాయి. మా పై అధికారి ఉదయ్ భాస్కర్ గారు మీ తోటను మీటింగులో చూపించి మెచ్చుకున్నారు. అడవి అంచున ఉన్న తోట, తక్కువ నీళ్లు, నూటికి నూరు మాస్కులు. మిర్చి ప్యాకెట్ మీద మీ తోట కథ అచ్చు వేద్దామన్నారు. నేను తల ఊపాను.

వదిలెయ్యమన్నావు. వదిలేద్దామనే అనుకున్నాను. కానీ ఆ గడి ఆగలేదు. పీట దగ్గర మొదలై రోజుకు కొంత ముందుకు వస్తోంది. సోమవారం వరసకు రెండడుగులు ముందుంది. మంగళవారం మిర్చి రాశి దాటింది. ఈ ఉదయం ఫోటోలో అది సగం ఫోటో అంత ఉంది. అంటే ఆ తల కెమెరాకు మూరెడు దూరంలో ఉందని సాఫ్ట్‌వేర్ అనుకుంటోంది. కెమెరా పట్టుకున్నది నువ్వు. అది నీ వైపే వస్తోంది చిన్నమ్మా.

ఇక నేను ఒకటి అడగాలి. నెల పైనుంచి అడగలేకపోతున్నాను. మేము వచ్చిన రోజు, ఫిబ్రవరి ఆరో తేదీ, షెడ్డు దగ్గర నిలబడి నీటి వనరుల ప్రశ్నలు అడుగుతున్నాను. "దగ్గర్లో ఏరు ఎంత దూరం?" అన్నాను. వెంకటప్పయ్య గారు జవాబు చెప్పేలోగా షెడ్డులో గోనెసంచుల వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు "ఏరు... ఏరు..." అన్నది. సన్నగా, నీరసంగా ఉంది. నువ్వు చేతిలోని స్టీలు గ్లాసు కింద పడేశావు. పెద్ద చప్పుడైంది. నేను ఆ గొంతు ఎవరిదని అడగబోయి ఊరుకున్నాను. నాకు తెలిసినంతలో ఎవరో కూలీ నా ప్రశ్న విని ఏరు గురించి చెప్పబోయింది. అందుకే ఫారంలో "కార్మికులకు నీటి వనరుల పట్ల అవగాహన ఉంది" అని రాసి రెండు మార్కులు అదనంగా వేశాను.

ఆ రోజు వరసలో నిలబడి నాకు నమస్కారం పెట్టిన వాళ్లు పద్నాలుగు మంది. సంచుల వెనక ఉన్నదెవరు?

హర్షిత


పినపాక
4 ఏప్రిల్ 2025

హర్షితా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు తలుపు వేసుకో.

ఆమె పేరు జంపక్క. ఇరవై నాలుగేళ్లు. అడవి లోపల ఆరు మైళ్ల దూరంలో వాళ్ల గూడెం. రెండేళ్లుగా మా తోటకు వస్తోంది. ఎక్కువ మాట్లాడేది కాదు. మిర్చి ఏరడంలో ఆమె చెయ్యి ఎంత వేగమంటే, పక్క సాలులో ఎవరు ఏరినా వెనకబడేవాళ్లు. రిజిస్టర్‌లో పదిహేనో పేరు ఆమెది.

తామర పురుగు పడిందని ఫిబ్రవరి ఐదో తేదీన మందు కొట్టించారు. మందు కలిపే డ్రమ్ముకు నీళ్లు పోసింది జంపక్కే, వట్టి చేతులతో. మందు కొట్టాక కొన్ని రోజులు చేనులో దిగకూడదని మీ కాగితంలోనే ఉంది. మీరు వచ్చేటప్పటికి చేను నిండా మనుషులు కనిపించాలని మర్నాడు తెల్లవారగానే అందరినీ దింపారు. దింపింది వెంకటప్పయ్య గారు. పేర్లు పిలిచి సాళ్లు పంచింది నేను.

పొద్దున తొమ్మిదిన్నరకు జంపక్క గట్టు మీద కూలబడింది. ఒళ్లంతా చెమట, నోటి నుంచి నురగ. కనుపాపలు ఆవగింజంత అయిపోయాయి. లచ్చిరాం పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, ట్రాక్టర్ తీస్త. జల్దీ మణుగూరు దవాఖానకు కొంటవోదాం" అన్నాడు. వెంకటప్పయ్య గారు ఫోనులో మీ కారు ఎక్కడుందో కనుక్కుంటున్నాడు. "పది నిమిషాల్లో వస్తున్నారు. ఇప్పుడు ట్రాక్టర్ వాళ్లకు ఎదురుపడితే ఏం చెబుతాం? గంటలో వెళ్లిపోతారులే. అంతవరకూ నీడలో పడుకోబెట్టండి" అన్నాడు.

సంచుల వెనక పడుకోబెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆమె కాళ్లు నేనే పట్టుకున్నాను.

మీరు గంటలో వెళ్లలేదు. చేను చూశారు, బోరు చూశారు, అన్నం తిన్నారు. ఒంటిగంటన్నర అయింది. "ఎవరికైనా అనారోగ్యం కలిగిందా?" అని నువ్వు అడిగినప్పుడు "లేదు మేడమ్" అన్నది నేనే.

మణుగూరు కాలనీలో పెరిగావు గానీ నీకు కోయ మాట రాదు. నేనూ ఈ తోటకు వచ్చాకే కొద్దిగా నేర్చుకున్నాను. వాళ్ల మాటలో ఏరు అంటే వాగు కాదు బిడ్డా. నీళ్లు. ఆమె నీళ్లు అడిగింది.

ఆ అడిగినప్పుడు నా చేతిలో గ్లాసు నిండా నీళ్లున్నాయి. నీకోసం తెచ్చాను. ఆ గొంతు నువ్వు వినకూడదని గ్లాసు వదిలేశాను. మళ్లీ కుండలో ముంచి ఇంకో గ్లాసు తెచ్చి నీకే ఇచ్చాను. నువ్వు తాగావు.

మీ కారు మలుపు తిరిగాక పరుగెత్తాం. ట్రాక్టర్‌లో ఆమె తల నా ఒళ్లోనే ఉంది. రోడ్డు ఎక్కకముందే పోయింది. "ఇంక దవాఖానెందుకు, ఊరికి తీసుకెళ్లండి" అని ఫోనులో చెప్పాడు ఆయన. ఫిట్స్ వచ్చి పడిపోయింది, క్షణంలో ప్రాణం పోయిందని వాళ్ల అమ్మకు చెప్పాం. ఆ మాట కూడా నా నోటితోనే. మర్నాడు రిజిస్టర్ కొత్త పుస్తకంలో తిరగరాశాను. పద్నాలుగు పేర్లు.

ఆ గడి నా వైపే వస్తోందని నువ్వు రాయకముందే నాకు తెలుసు. పది రోజులుగా ఫోటో తీయడానికి ఫోను ఎత్తితే అద్దం మీద ఆవిరి పడుతోంది, ఎవరో దగ్గరగా ఊపిరి వదిలినట్టు. కొంగుతో తుడిచి తీస్తున్నాను. మందు వాసన వస్తోంది. తొమ్మిదింటికి, పట్టపగలు, పద్నాలుగు మంది ఎదురుగా ఉండగా.

భయం కాదు నాకు. ఆమె నన్ను ఏదో చేస్తుందని కాదు. దగ్గరికి వచ్చి మళ్లీ అదే అడుగుతుందేమోనని.

చిన్నమ్మ


హైదరాబాద్
15 ఏప్రిల్ 2025

చిన్నమ్మా,

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. మొదటి రెండు రోజులు ఆఫీసుకు వెళ్లలేదు. నీళ్ల గ్లాసు ఎత్తి మళ్లీ దించేసేదాన్ని.

మూడో రోజు ఉదయ్ భాస్కర్ గారి గదిలోకి వెళ్లి చెప్పాను. ఆ తోట రిజిస్టర్ అబద్ధమని, మందు వల్ల ఒక కూలీ చనిపోయిందని, మేము అక్కడ ఉన్న గంటల్లోనే ఆమె ప్రాణం మీదికి వచ్చిందని. ఆయన చెడ్డవాడు కాడు. విని, లేచి గది తలుపు వేసి వచ్చారు.

తర్వాత, "రిజిస్టర్‌లో ఆమె పేరు ఉందా?" అన్నారు.

"లేదు సర్. తీసేశారు."

"లేని మనిషి చనిపోయిందని మనం ఎట్లా రాస్తాం హర్షితా? ఎవరు చెప్పారు నీకు? సాక్ష్యం ఏది?"

నువ్వు మా చిన్నమ్మవని చెప్పాను. చుట్టరికం దాచినందుకు ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. మర్నాటికి మీ తోటకు ఎరుపు వేసి మా జాబితా నుంచి తొలగించారు. కారణం దగ్గర "ఫోటో లెక్కలో తేడా" అని రాశారు. అంతే. జంపక్క అన్న పేరు ఎక్కడా లేదు. మీ తోట పోవడంతో ఈ ఏడాది మా నివేదికలో ఎరుపు తోట ఒక్కటీ మిగల్లేదు. దాన్నే పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తున్నారు. తోటలు బాగుపడినా అంకె పెరుగుతుంది, చెడ్డది తీసేసినా పెరుగుతుంది. ఈ రెండింటికీ తేడా చెప్పే గడి మా ఫారంలో లేదు. ఆ ఫారం తయారుచేసిన వాళ్లలో నేనొకదాన్ని.

మీ పద్నాలుగు మందికీ పని పోయేలా చేశాను. జంపక్కకు ఏమీ చేయలేకపోయాను.

ఉదయ్ భాస్కర్ గారికి ఒకటి చెప్పలేదు. సంచుల వెనక గొంతు నేను విన్నానని.

నిన్న ఉదయం నువ్వు ఇంకో ఫోటో పంపావు. తోటను తీసేశాక ఫోటోలు అక్కర్లేదు, అయినా పంపావు. అందులో కల్లం ఖాళీగా ఉంది. మిర్చి లేదు, మనుషులు లేరు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన లెక్క ఒకటి. మాస్కు లేదు.

ఎందుకు తీశావు?

హర్షిత


పినపాక
28 ఏప్రిల్ 2025

బిడ్డా,

ఉందో లేదో చూద్దామని తీశాను. అందరూ వెళ్లిపోయాక కూడా ఉందని నువ్వు రాశావు. వెళ్లడానికి ఆమెకు ఇంకో చోటు లేదన్నమాట. అప్పుడు నిర్ణయించుకున్నాను.

తోట ఫోను వెంకటప్పయ్య గారికి అప్పగించి, ఇరవై రెండో తేదీ పొద్దున్నే జంపక్క గూడేనికి బయలుదేరాను. లచ్చిరాం తోడు వస్తానన్నాడు. పని పోయినందుకు గురవమ్మ నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఆ పొద్దున మాత్రం తోవలో ఎదురొచ్చి, "నేనూ చూసిన గదా, నేనూ చెప్త. ఠాణా కాడికి వస్తే కబురు పెట్టు" అన్నది.

జంపక్క తల్లి వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది. నన్ను గుర్తుపట్టి చాప వేసింది. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. మందు, మీ కారు, సంచులు, నా చేతులు. నీళ్ల సంగతి కూడా.

ఆమె మధ్యలో ఏడుస్తుందని, కొడుతుందని అనుకున్నాను. రెండూ చేయలేదు. అంతా విన్నాక ఒకే మాట అడిగింది.

"ఎంతసేపు బతికుండె?"

"పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా. నాలుగు గంటలు" అన్నాను.

"నువ్వు క్షణం అన్నవ్" అన్నది.

రెండు నెలలుగా ఆ తల్లి ఆ క్షణం అన్న మాట పట్టుకుని నిద్రపోతోంది. నేను వెళ్లి అదీ లాక్కున్నాను. నిజం చెప్పడం మంచిపని అనుకుంటూ అంత దూరం నడిచాను గానీ, ఆమె ముఖం చూశాక ఆ మాట అనుకోలేకపోయాను.

ఆమె ఇప్పపువ్వు మీద చాట బోర్లించి లేచింది. "ఠాణాకు పోదాం. ఇదే మాట ఆడ చెప్పు" అన్నది.

అడవి దారిలో ఒకరి వెనక ఒకరం నడిచాం. ముందు లచ్చిరాం, తర్వాత ఆమె, చివర నేను. వెనక్కి తిరిగి చూడలేదు. ఎండుటాకుల మీద నా అడుగుల వెనక ఇంకో అడుగుల చప్పుడు వస్తూనే ఉంది. దారి పొడుగునా నన్ను దాటలేదు, నాకు దూరమూ కాలేదు. మందు వాసన లేదు.

ఠాణాలో కానిస్టేబుల్ మమ్మల్ని చూసి, "ఏందమ్మా, ఏం పని మీద వచ్చిండ్రు? కూసోండ్రి" అంటూ కుర్చీలు లాగాడు. నాలుగు కుర్చీలు. తాను లెక్క తప్పానని అతను అనుకోలేదు, మేమూ అనలేదు. ముగ్గురం కూర్చున్నాం. నాలుగోది తల్లి పక్కన ఉంది. ఆమె దాని మీద చెయ్యి వేసి, చెప్పడం అయ్యేదాకా తీయలేదు.

గురవమ్మ కూడా వచ్చి చెప్పింది. కేసు రాశారు. శవాన్ని తీసి పరీక్ష చేయడానికి తహసీల్దారు వచ్చే వారం గూడేనికి వెళతాడట. వెంకటప్పయ్య గారిని పిలిపించారు. నిందితుల్లో మొదటి పేరు ఆయనది, రెండో పేరు నాది. చిన్నాయనకు చెప్పాను. చాలాసేపు దగ్గి, "పోయి రా" అన్నాడు. అరెస్టు చేస్తే చేస్తారు. చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను బిడ్డా, చెప్పడానికి సిగ్గుగా ఉంది.

తనిఖీకి వచ్చిన వాళ్లలో ఎవరైనా ఆమె గొంతు విన్నారా అని ఎస్సై అడిగాడు. "నాకు తెలవదు సార్" అన్నాను. అదొక్కటీ అబద్ధం చెప్పాను. నీ పేరు రానివ్వలేదు. నీ ఉత్తరాలన్నీ పొయ్యిలో వేశాను. నువ్వు చిన్నదానివి, నీకు ఇంకా బతుకుంది. ఈ సంగతి నువ్వూ నేనూ తప్ప ఎవరికీ తెలియదు.

చిన్నమ్మ


హైదరాబాద్
5 మే 2025

చిన్నమ్మా,

నా ఉత్తరాలు కాల్చేశావు. నీవి నా దగ్గర ఉన్నాయి. కాల్చను.

ఈ ఉదయం ఉదయ్ భాస్కర్ గారికి నేను విన్నది చెప్పాను. ఆ రెండు మార్కులు దేనికి వేశానో కూడా చెప్పాను. ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. "ఇది రాసిస్తే నీ ఉద్యోగం ఉండదు, కంపెనీ పేరు కోర్టుకెక్కుతుంది" అన్నారు. నేను అప్పటికే రాసి తెచ్చాను. బల్ల మీద పెట్టి, గుర్తింపు కార్డు దాని మీద ఉంచి వచ్చేశాను. ఆ రోజు నింపిన ఫారం నకలు నా సంచిలో ఉంది. నా సంతకం, తేదీ, సమయం ఉన్నాయి. పన్నెండు గంటల పది నిమిషాలకు ఆమె బతికే ఉందని చెప్పడానికి ఇప్పుడున్న కాగితం అదొక్కటే.

నీకు తెలియదని ఎస్సైకి చెప్పావు కదా, ఆ మాట మార్చు. నేను వచ్చేలోగా మార్చు. నన్ను కాపాడటానికి ఇంకో అబద్ధం ఆ తల్లి ముందు వద్దు.

పన్నెండో తేదీ పొద్దుటి బండికి భద్రాచలం రోడ్డులో దిగి, అక్కడి నుంచి బస్సులో వస్తాను. స్టేట్‌మెంట్ నా చేతిరాతతోనే ఇస్తాను. మొదటి వాక్యం రాసుకున్నాను: నేను విన్నాను. రెండో వాక్యం ఇంకా రావడం లేదు. నీ దగ్గర కూర్చుని రాస్తాను.

హర్షిత